పాత కంప్యూటరూ, కొత్త అప్‌డేట్లూ



ఈ వారం నేను మాట్లాడబోయే విషయం మన ఇళ్ళల్లో చాలామందికి అనుభవమే. ఏడెనిమిదేళ్ళు నమ్మకంగా పనిచేసిన కంప్యూటరు ఉన్నట్టుండి ఒకరోజు మొరాయిస్తుంది. మీట నొక్కి, కాఫీ కలుపుకుని, తాగి, గ్లాసు కడిగి వచ్చినా తెర మీద ఆ గుండ్రటి చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. "ముసలిదైపోయిందండీ, కొత్తది కొనాల్సిందే" అని ఒకరు, "వైరస్ పట్టింది" అని ఇంకొకరు, "ఆ అప్‌డేట్లు ఆపేస్తే సరి" అని మరొకరు సలహా ఇస్తారు. ముగ్గురి మాటల్లోనూ కొంచెం కొంచెం నిజం ఉంది. ముగ్గురిలో ఎవరి మాట విన్నా నష్టపోయే అవకాశం కూడా ఉంది. ఆ సంగతే ఇవాళ చెప్తాను.

నేను ఏ పెద్ద కంప్యూటర్ కంపెనీలోనూ పనిచేసినవాణ్ణి కాను. ఇక్కడ న్యూజెర్సీలో మా చుట్టుపక్కల తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఇరవై ఏళ్ళ పైబడి కంప్యూటర్లు చూసి పెడుతున్నాను. ఫీజు కాఫీ. అప్పుడప్పుడు పెసరట్టు. కనక నేను చెప్పేవి పుస్తకాల్లో మాటలు కావు, వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని నేర్చుకున్నవి.

ముందు అసలు ఈ అప్‌డేట్లు ఎందుకొస్తాయో చూద్దాం. విండోస్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేర్‌లో లోపాలు ఉంటూనే ఉంటాయి. అవి బయటపడినప్పుడల్లా కంపెనీ అతుకు వేస్తుంది. 2003 అక్టోబరు నుంచి మైక్రోసాఫ్ట్ వాళ్ళు ఈ అతుకుల్ని నెలకోసారి, రెండో మంగళవారం నాడు విడుదల చేయడం మొదలుపెట్టారు. పసిఫిక్ తీరం టైము పొద్దున్న 10 గంటలకి, అంటే మన తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంటకి. ఇండియాలో వేసవిలో అయితే రాత్రి పదిన్నర, చలికాలంలో అయితే పదకొండున్నర. అక్కడ కంప్యూటర్లన్నీ కట్టేసి పడుకునే వేళ. అందుకే తెనాలిలో మా బావగారు "బుధవారం నాడు దీనికి జ్వరం వస్తుందోయ్" అంటుంటారు. ఆయనకి కారణం తెలియదు గానీ, లెక్క మాత్రం సరిగ్గానే కట్టారు!

ఈ అతుకులు ఎంత అవసరమో రెండు ఉదాహరణలు చెప్తాను. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే పురుగు లక్షల కంప్యూటర్లలో దూరింది. దానికి మందు అంతకు దాదాపు నెల ముందే, జులైలోనే వచ్చేసింది. వేసుకోనివాళ్ళే చిక్కారు. 2017 మే 12న వన్నాక్రై వచ్చింది. అది ఫైళ్ళన్నిటికీ తాళం వేసి, డబ్బిస్తేనే తాళంచెవి ఇస్తానంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు ఆగిపోయాయి. మన ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని దాని బారిన పడ్డాయి. దీనికి మందు కూడా రెండు నెలల ముందే, ఆ ఏడు మార్చిలో వచ్చింది. కనక అప్‌డేట్లని తిట్టుకునే ముందు ఈ రెండు సంగతులూ గుర్తు పెట్టుకోవాలి.

మరి అంత మంచిదైతే కంప్యూటరు ఎందుకు చతికిలపడుతుంది? అప్‌డేట్ అంటే ఒక చిన్న ఫైలు వచ్చి కూర్చోవడం కాదండీ. ముందు ఈ కంప్యూటర్లో ఏమేం ఉన్నాయో, ఏమేం లేవో లెక్క చూస్తుంది. కావలసినవి దింపుకుంటుంది. మూట విప్పుతుంది. ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్ళడానికి పాత ఫైళ్ళు భద్రం చేస్తుంది. కొత్తవి పెడుతుంది. ఈలోగా యాంటీవైరస్ లేచి వచ్చిన ప్రతి ఫైలునీ తడిమి చూస్తుంది. పెళ్ళివారింట్లో సామాన్లు దింపుతుంటే గుమ్మంలో ఒక పెద్దాయన కూర్చుని ప్రతి పెట్టే తెరిచి చూపించమన్నట్టు ఉంటుంది పరిస్థితి.

కొత్త కంప్యూటర్లలో ఈ పనంతా మనకి తెలియకుండా జరిగిపోతుంది. పాతవాటిలో రెండు ఇబ్బందులు. ఒకటి, తిరిగే హార్డ్ డిస్కు. పాత లాప్‌టాప్‌లలో చాలావాటిలో డిస్కు నిమిషానికి 5400 చుట్లు తిరుగుతుంది. గ్రామఫోను రికార్డు మీద ముల్లులా ఒక చిన్న చెయ్యి అటూ ఇటూ కదిలి ఫైళ్ళు వెతకాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలు వెతకాలంటే సెకనుకి వంద, ఆ పైన కొంచెం, అంతకంటే ఎక్కువ దాని వల్ల కాదు. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డి అనే కొత్త రకం డిస్కు అదే పనిని సెకనుకి వేలల్లో చేస్తుంది. రెండో ఇబ్బంది, ర్యామ్ తక్కువ ఉండడం. నాలుగు జీబీ ఉన్న యంత్రంలో అప్‌డేటూ, యాంటీవైరసూ, మీ వీడియో కాలూ ఒకేసారి కూర్చోలేవు. చోటు చాలక పాపం అది ఆ పాత డిస్కునే అరువు చోటుగా వాడుకుంటుంది. అసలే కుంటిది, దాని మీద మరో బరువు.

ఒక్కోసారి తప్పు మన యంత్రానిది కాకుండా అప్‌డేట్ పద్ధతిదే కావచ్చు కూడా. విండోస్ ఎక్స్‌పీ చివరి రోజుల్లో, 2013లో, ఎక్స్‌పీ యంత్రాలు ఊరికే కూర్చుని వేడెక్కిపోయేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కి ఏళ్ళ తరబడి వచ్చిన అతుకుల మీద అతుకులు ఒక పెద్ద గొలుసైపోయాయి. కొత్తది ఏదో తేల్చుకోవడానికి ఆ గొలుసంతా తవ్వుకుంటూ పోవాలి. గొలుసుకి ఒక కొత్త కొక్కెం చేరినప్పుడల్లా పని రెట్టింపయ్యేది. చదరంగం గళ్ళలో ధాన్యపు గింజల కథ మనందరికీ తెలిసిందే కదా, అలాగన్న మాట. చివరికి పాత కొక్కేలు తీసేసి, 2014 జనవరిలో సరిచేశారు. ఆ ఏడు ఏప్రిల్ 8న ఎక్స్‌పీకి అప్‌డేట్లే ఆగిపోయాయి. విండోస్ 7 మీద కూడా 2015, 2016 ప్రాంతాల్లో అప్‌డేట్లు వెతకడమే గంటలు గంటలు పట్టేది. అప్పుడు కొత్త కంప్యూటర్లు కొనుక్కున్నవాళ్ళు ఎందరో! ఆ పాత యంత్రాల్లో చాలావాటికి అసలు జబ్బే లేదు.

ఇక మన ఇళ్ళ సంగతికొద్దాం. నేను చూసిన పాత కంప్యూటర్లలో ఎక్కువ భాగం అమ్మానాన్నలవి. ఇక్కడ పిల్లలు వాడి వదిలేసినవి, లేదా ఇండియా వెళ్ళినప్పుడు సూట్‌కేసులో పెట్టుకెళ్ళి ఇచ్చినవి. వాటిని వాళ్ళు రోజూ వాడరు. వారానికి ఒక్కసారి, వాళ్ళకి ఆదివారం సాయంత్రం, మనకి ఆదివారం పొద్దున్న, మనవల మొహాలు పెద్ద తెర మీద చూడ్డానికి తీస్తారు. ఆరు రోజులు మూసి ఉన్న ఇల్లు తెరిస్తే ఎంత దుమ్ము ఉంటుంది? ఆ కంప్యూటరుకీ అంతే. లేచీ లేవగానే విండోస్ అప్‌డేటూ, యాంటీవైరసూ, బ్రౌజరూ, ప్రింటరు సాఫ్ట్‌వేరూ అన్నీ ఒకేసారి బాకీ పనులు మొదలుపెడతాయి. సరిగ్గా అప్పుడే మనం వీడియో కాల్ చేస్తాం. బొమ్మ ఆగిపోతుంది, మాట తెగిపోతుంది. "సరేలే నాన్నా, వచ్చే వారం మాట్లాడుకుందాం" అని వాళ్ళు పెట్టేస్తారు. ఏడు రోజులు ఎదురుచూసిన గంట అది. నాకు ఈ విషయం మీద మాట్లాడాలనిపించింది అందుకే.

దీనికి మందు చాలా తేలిక. శనివారం సాయంత్రమే కంప్యూటరు పెట్టి, కరెంటుకి తగిలించి, ఇంటర్నెట్టు కలిపి, అలా వదిలెయ్యమని చెప్పండి. రెండు మూడు గంటలు దాని మానాన దాన్ని ఉండనివ్వాలి. ఒక అప్‌డేట్ సజావుగా పూర్తికావాలంటే కంప్యూటరు కనీసం రెండు గంటలు ఏకధాటిగా, మొత్తం మీద ఆరు గంటలు ఇంటర్నెట్టుకి కలిసి ఉండాలని 2022లో మైక్రోసాఫ్ట్ వాళ్ళే చెప్పారు. వారానికి గంట మాత్రమే తెరిచే యంత్రానికి ఆ అవకాశమే దొరకదు. పాపం అది ప్రతి వారమూ మొదలుపెట్టిన పనే మళ్ళీ మొదలుపెడుతుంది. పని అయ్యాక షట్‌డౌన్ కాకుండా రీస్టార్ట్ నొక్కమనండి. విండోస్ 8 నుంచీ చాలా యంత్రాల్లో షట్‌డౌన్ అంటే పూర్తిగా ఆరిపోవడం కాదు, సగం నిద్ర. రీస్టార్టే అసలైన స్నానం. మా బావగారికి ఇది చెప్పాక శనివారం సాయంత్రం పూజకి కూర్చునే ముందు కంప్యూటరు మీట నొక్కి కూర్చుంటున్నారు. "దానికీ దీపం పెట్టానోయ్" అంటారు.

ఇంత చేసినా నెమ్మదిగానే ఉంటే, ఇప్పుడు చెప్పేవి ఒక కాగితం మీద రాసుకోండి.

మొదటిది, నాడి చూడడం. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరసలుంటాయి. డిస్క్ దగ్గర నూరు శాతం, దాని దగ్గర్లోనే ఆగిపోయి ఉందా? అయితే ఆ వరస పేరు మీద నొక్కండి. ఎక్కువ వాడుకుంటున్నవాళ్ళు పైకి వస్తారు. "విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్" అని గానీ, "సర్వీస్ హోస్ట్" పక్కన విండోస్ అప్‌డేట్ అని గానీ ఉంటే అది అప్‌డేట్ పని. "యాంటీమాల్వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్" అని ఉంటే అది యాంటీవైరస్. ఇవైతే కంగారు పడకండి, ఆగండి. విసుగొచ్చి పవర్ మీట నొక్కి పట్టుకుని ఆర్పేస్తే, సగం కట్టిన గోడ కూలినట్టు అసలుకే మోసం వస్తుంది. మాక్ వాడేవాళ్ళకి కూడా ఒక మాట. పెద్ద అప్‌డేట్ తర్వాత అది మీ ఫైళ్ళన్నిటికీ మళ్ళీ జాబితా రాసుకుంటుంది. కొన్ని గంటలు నెమ్మదిగా ఉండడం మామూలే.

రెండోది, చోటు. డిస్కు నిండిపోయి ఉంటే అప్‌డేట్ మూట విప్పుకోలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తూ ఉంటుంది. కనీసం ఇరవై జీబీ ఖాళీ ఉంచడం నా పద్ధతి. వెతికే గడిలో డిస్క్ క్లీనప్ అని కొట్టి, సిస్టమ్ ఫైల్స్ కూడా చూడమంటే, పాత అప్‌డేట్ల చెత్త కనిపిస్తుంది. అది తీసెయ్యొచ్చు. కానీ జాబితాలో డౌన్‌లోడ్స్ అన్న పేరు ఉంటే దానికి టిక్కు పెట్టకండి. మన పెద్దవాళ్ళు పెళ్ళి ఫొటోలూ, బ్యాంకు కాగితాలూ అన్నీ అక్కడే ఉంచుకుంటారు!

మూడోది, వేళాపాళా. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ దగ్గర యాక్టివ్ అవర్స్ అని ఉంటుంది. మీరు కంప్యూటరు వాడే వేళలు అక్కడ చెప్తే, ఆ వేళల్లో దానంతట అది రీస్టార్ట్ అవ్వదు. ఊరికి వెళ్తున్నారు, లేదా ముఖ్యమైన పని ఉంది అనుకుంటే పాజ్ నొక్కి వారం వారం చొప్పున ఐదు వారాల దాకా వాయిదా వెయ్యొచ్చు. ఫోను హాట్‌స్పాట్ మీద నడిపేవాళ్ళు ఆ కనెక్షన్‌ని మీటర్డ్ అని గుర్తు పెట్టుకుంటే పెద్ద పెద్ద మూటలు వాటంతట అవి దిగవు. అలాగే డెలివరీ ఆప్టిమైజేషన్ అనే చోట, వేరే కంప్యూటర్లతో అప్‌డేట్లు పంచుకునే మీట ఉంటుంది. నెట్టు అంతంతమాత్రంగా ఉన్న ఊళ్ళల్లో దాన్ని ఆపేస్తే మేలు.

నాలుగోది, పిలవని పేరంటాలు. టాస్క్ మేనేజర్‌లోనే స్టార్టప్ అనే చోట, కంప్యూటరు లేవగానే తామూ లేచేవాటి జాబితా ఉంటుంది. ఎప్పుడో పారేసిన ప్రింటరు తాలూకు అప్‌డేటరూ, ఎవరూ వినని పాటల సాఫ్ట్‌వేరూ అక్కడ ఉంటాయి. మీకు పేరు తెలిసిన అనవసరమైనవి డిసేబుల్ చెయ్యండి. తెలియనివాటి జోలికి పోకండి. యాంటీవైరస్‌లు రెండు ఉంటే ఒకటి తీసెయ్యండి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు.

ఐదోది, కొంచెం ఖర్చు. తిరిగే డిస్కు తీసి ఎస్‌ఎస్‌డి వేయించడం, వీలైతే ర్యామ్ ఎనిమిది జీబీ చేయించడం. కొత్త కంప్యూటరు ఖరీదులో ఇది చిన్న భాగమే. నేను చూసినంతలో, పాత యంత్రానికి ఇంతకు మించిన సంజీవని లేదు. డిస్కు మార్చే ముందు ఫొటోలూ కాగితాలూ వేరే చోట భద్రం చేసుకోవడం మరవకండి. డిస్కు కటకటమని చప్పుడు చేస్తూంటే మాత్రం అది అప్‌డేట్ గొడవ కాదు, అవసాన దశ. మిగతావన్నీ ఆపి ముందు ఫైళ్ళు బయటికి తీసుకోండి.

ఇప్పుడు చెయ్యకూడనివి. అప్‌డేట్లు పూర్తిగా ఆపెయ్యడం మొదటి తప్పు. ఎలకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడం అంటే ఇదే. ఊళ్ళో కుర్రాళ్ళు కొందరు వంద రూపాయలు తీసుకుని ఆ మీట ఆపేసి వెళ్తారు. యంత్రం మర్నాటి నుంచీ పరుగెడుతుంది, అందరూ సంతోషిస్తారు. దాని మీదే బ్యాంకు పనులూ పెన్షను పనులూ చేసుకునే పెద్దవాళ్ళకి తలుపు తీసి ఉందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పరు. మీరు ఇండియాకి ఫోను చేసినప్పుడు ఒక్కసారి అడగండి, "నాన్నా, అప్‌డేట్లు వస్తున్నాయా?" అని.

రెండోది దీనికంటే పెద్దది. మాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయాక ఇక్కడే కొడుకు దగ్గర ఉంటున్నారు. ఒక మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు, కంప్యూటరు బాగా నెమ్మదిగా ఉండి, తెర మీద పెద్ద హెచ్చరిక వచ్చింది, కింద ఒక ఫోను నంబరుతో. ఫోను చేశారు. అవతలి మనిషి చాలా మర్యాదగా, "అమ్మా" అని పిలుస్తూ మాట్లాడాడట. ఏదో సాఫ్ట్‌వేర్ దింపుకోమని, తను దూరం నుంచే చూస్తానన్నాడు. తర్వాత బ్యాంకు పేజీ తెరవమన్నాడు. ఎంత పోయిందో ఆవిడ ఇప్పటికీ పూర్తిగా ఎవరికీ చెప్పలేదు. డబ్బు కంటే బాధ కలిగించేది ఏమిటంటే, ఆవిడ ఆ తర్వాత కంప్యూటరు ముట్టుకోవడమే మానేశారు. హైదరాబాదులో ఉన్న చెల్లెలితో వీడియోలో మాట్లాడ్డం కూడా మానేశారు. "నాకెందుకురా ఇవన్నీ" అన్నారట కొడుకుతో.

కనక ఈ ఒక్క మాట ఇంట్లో పెద్దవాళ్ళకి ఇవాళే చెప్పండి. నిజమైన మైక్రోసాఫ్ట్ హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. అడక్కుండా వాళ్ళు మనకి ఫోను చెయ్యరు. కంప్యూటరు నెమ్మదిగా ఉంటే అది ప్రమాదం కాదు, తొందరేమీ లేదు. ఇంట్లో పిల్లలు వచ్చేదాకా ఆగొచ్చు. ఏ అర్ధరాత్రి ఫోను చేసినా విసుక్కోమని పిల్లలు కూడా ముందే మాటివ్వాలి. మనం విసుక్కుంటామేమోనన్న జంకుతోనే వాళ్ళు ఆ నంబరుకి ఫోను చేస్తారు. అలాగే "ఒక్క నొక్కుతో మీ కంప్యూటరు వేగం" అని అమ్మే సాఫ్ట్‌వేర్లని కూడా దగ్గరికి రానివ్వకండి.

చివరగా విండోస్ 10 సంగతి. 2015 జులై 29న వచ్చిన దానికి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ముగిశాయి. ఇంట్లో వాడుకునేవాళ్ళు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతకి సంబంధించిన అతుకులు మాత్రం ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. సెట్టింగ్స్‌ని వాళ్ళ ఖాతాతో కలుపుకుంటే డబ్బు కట్టనక్కరలేదని, లేకపోతే 30 డాలర్లని అప్పుడు చెప్పారు. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పూ, సుమారుగా 2018 తర్వాతి ప్రాసెసరూ ఉండాలి. అవి లేని యంత్రం చెత్తబుట్టకేనా అంటే, కాదు. ఉత్తరాలు చదువుకోవడానికీ, వీడియోలో మాట్లాడుకోవడానికీ లినక్స్ మింట్ లాంటి ఉచిత సిస్టమ్ వేసుకోవచ్చు. దానికి అప్‌డేట్లు వస్తూనే ఉంటాయి, పాత యంత్రం మీద తేలిగ్గా నడుస్తుంది. తెలుగు చదవడం, రాయడం కూడా చక్కగా వీలవుతుంది. మొదటిసారి వేసేటప్పుడు మాత్రం తెలిసినవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి.

వచ్చే శనివారం సాయంత్రం ఇండియాకి ఒక చిన్న ఫోను చేసి, కంప్యూటరు పెట్టి ఉంచమని చెప్పండి. ఆదివారం తీరిగ్గా మాట్లాడుకోండి. మీ కంప్యూటర్లతో మీకున్న తిప్పలు ఏమైనా ఉంటే మన స్టేషనుకి రాయండి, నాకు తెలిసినంతలో మరోసారి చెప్తాను.

 సెలవు.